ఏప్రిల్ 23కి ఏ మహిమా లేదు

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే చాలు, ఆ మెసేజ్ మొదలవుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఇంకొకరు, ఆఖరికి మా మేనత్త కూడా. పైన ఈకతో కలం బొమ్మ, కింద దండాల ఎమోజీలు. మధ్యలో ఉన్న సరుకు ఇదీ: ఏప్రిల్ 23న షేక్‌స్పియర్ పుట్టాడు, అదే తేదీన పోయాడు. 1616లో అదే రోజు, అదే ఘడియలో స్పెయిన్‌లో 'డాన్ కిహోటే' నవల రాసిన సెర్వాంటెస్ కూడా పోయాడు. ఈ వింత చూసే యునెస్కో దాన్ని ప్రపంచ పుస్తక దినోత్సవం చేసింది. ఆ తేదీన పుట్టిన పిల్లలకి సరస్వతీ కటాక్షం ఖాయం, కాబట్టి నెలలు నిండినవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి కాన్పు ఆ రోజుకే పెట్టించుకోండి. చివర్న మామూలే, పది మందికి పంపాలి.

పుట్టుక సంగతి: షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ చర్చి రిజిస్టర్లో ఉన్నది 1564 ఏప్రిల్ 26న బాప్టిజం ఇచ్చారని మాత్రమే. మూడు రోజులు వెనక్కి లెక్కేసి 23 అన్నది తరవాతివాళ్లు. అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. దీనికి పోట్లాడను.

'అదే రోజు, అదే ఘడియ' దగ్గరే నాకు ఓపిక పోతుంది. స్పెయిన్ 1582లోనే ఇప్పుడు మనం వాడే కొత్త క్యాలెండర్‌కి మారింది. ఇంగ్లండ్ 1752 దాకా పాతదాన్నే పట్టుకు వేలాడింది. 1616లో రెండింటికీ పది రోజుల తేడా. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ 23 అంటే స్పెయిన్‌లో మే 3. పైగా సెర్వాంటెస్ పోయింది 22న, మాడ్రిడ్‌లో ఖననం చేసింది 23న. అంటే షేక్‌స్పియర్ కన్నుమూసేసరికి ఆయన్ని పూడ్చి పది రోజులైంది. పుట్టినరోజు తారీఖు ప్రకారం, తద్దినం తిథి ప్రకారం చేసుకునే ఇళ్లలో పెరిగిన మనకి రెండు లెక్కలుంటాయని ఇంకొకరు చెప్పాలా? ఇక ఘడియంటారా, గడియారం పట్టుకుని రెండు మంచాల పక్కనా ఎవరు కూర్చున్నారో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి.

యునెస్కో 1995లో ప్రకటించినప్పుడు ఆ 1616 కథే చెప్పింది, నిజమే. కానీ పండగ దానికంటే పాతది. బార్సిలోనాలో విసెంతె క్లవెల్ అనే ప్రచురణకర్త పూనుకుంటే, స్పెయిన్‌లో 1926లో పుస్తకాల రోజు మొదలైంది. తేదీ ఏమిటనుకున్నారు? అక్టోబర్ 7. 1930లో దాన్ని ఏప్రిల్ 23కి మార్చారు. అది బార్సిలోనా వైపు సాన్ జోర్డీ అనే క్రైస్తవ సాధువు పండగ, గులాబీలు ఇచ్చిపుచ్చుకునే రోజు. మహిమ ఉన్న తేదీని ఎవరైనా నాలుగేళ్ల తరవాత మార్చుకుంటారా?

ఇంతవరకు నవ్వుకుని వదిలేసేదాన్నే. కాన్పు మాట అలాంటిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తమ్మీద చూస్తే 21.5. ముహూర్తాల పిచ్చి ఇప్పటికే ఎక్కువైన చోట, పంచాంగం చాలదన్నట్టు ఇంగ్లిష్ నాటకకర్తని కూడా తెచ్చి ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో నిలబెడతారా? అవసరం లేకుండా 39 వారాలు నిండకముందే కోసి తీస్తే, బిడ్డకి ఊపిరి అందని ఇబ్బంది వచ్చే ముప్పు పెరుగుతుంది. తల్లికి వచ్చే కాన్పులో మాయ పాత కుట్టు దగ్గర అంటుకుపోయే ప్రమాదం ఉంటుంది. బిడ్డ గాజు పెట్టెలో, తల్లి ఇంకో వార్డులో, తండ్రి బిల్లు కౌంటర్ దగ్గర. ఇదేనా కటాక్షం?

షేక్‌స్పియర్ తల్లి మేరీ ఆర్డెన్ ఏ డాక్టర్‌ని అడిగి ఆ తేదీ పెట్టించుకుంది? ఆయన పుట్టడానికి ముందు ఏడాదే మార్గరెట్ అనే పసిబిడ్డని పూడ్చిపెట్టిన తల్లి ఆవిడ. ఆయన పుట్టిన ఏడాది జులైలోనే ఆ ఊరి చర్చి రిజిస్టర్లో 'ఇక్కడ ప్లేగు మొదలైంది' అని రాసి ఉంది. పిల్లాడు బతికితే చాలని మొక్కుకుని ఉంటుంది తప్ప నాటకాలు రాయాలని కాదు.

మెసేజ్ చివర్లో ఇంకో జాబితా ఉంది, ఆ తేదీన పుట్టిన, పోయిన ప్రముఖులది. ఎక్కడో ఒకచోట తప్పు దొరక్కపోతుందా అని ఒక్కో పేరూ వెతికాను. దొరకలేదు! ఇంగ్లిష్ కవులు వర్డ్స్‌వర్త్ 1850లో, రూపర్ట్ బ్రూక్ 1915లో, సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్ 1992లో పోయింది ఏప్రిల్ 23నే. 'లోలిత' రాసిన నబొకొవ్ పుట్టినరోజు కొత్త క్యాలెండర్ ప్రకారం 22 అవుతుంది కానీ, ఆయనే 23న చేసుకునేవాడు కాబట్టి అదీ వదిలేస్తున్నా. జాబితా వరకు మార్కులు వేయాల్సిందే. కాకపోతే ఏ తేదీ తీసుకున్నా ఇంత జాబితా తయారవుతుంది. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్లలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. అవును, సరిగ్గా 23 మందే. దాన్ని కూడా మహిమ అనకండి, దయచేసి.

అన్నట్టు, తెలుగులో తిరిగే ఈ మెసేజ్‌లో ఎస్. జానకి పేరే లేదు. 1938 ఏప్రిల్ 23న పుట్టింది, మన రేపల్లె దగ్గర పల్లపట్లలో. ఎలాగూ వచ్చే ఏడాది మళ్లీ పంపుతారు కదా, ఆ కాన్పు వాక్యం తీసేసి ఆ జాగాలో ఈవిడ పేరు పెట్టండి.