సాస్ మీద నూనె తేలకపోతే డిటర్జెంటు కలిపినట్టేనా?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలుగు గ్రూపుల్లోనూ ఒడియా గ్రూపుల్లోనూ నెల రోజులుగా ఒకే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: నూనె, నీళ్ళు ఎప్పటికీ కలవవు కాబట్టి సాస్ మీద నూనె తేలకపోతే అందులో డిటర్జెంటు ఉన్నట్టే. నూనెను పిండితో నిలబెట్టామని తయారీవాళ్ళు అంటే నమ్మకూడదు. వేడినీళ్ళలో వేసి గిలకొడితే నురగ వస్తే అది సబ్బే. ఒకవేళ పిండే వేసినా, ఆ సన్నటి పొడి పేగుల్లో పేరుకుపోతుంది.

మా వీధిలో నలుగురు ఆడవాళ్ళు కలిసి ఆవసాస్ చేసి అమ్ముతారు. ఆవపిండి, నూనె, నీళ్ళు, వెనిగర్, ఉప్పు, అంతే. ఈ మెసేజ్ వచ్చాక కొట్లవాళ్ళు సీసాలు వెనక్కి పంపేశారు. ఆ సాస్ తయారీని దగ్గరుండి చూసినవాణ్ణి, పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఊరుకోలేక రాస్తున్నాను.

నూనె నీళ్ళలో కరగదు, నిజమే. కానీ కరగడం వేరు, సన్నటి బొట్లుగా చెదిరి ఉండడం వేరు. పాలలో కొవ్వు అలా చెదిరే ఉంటుంది. ప్రతి బొట్టు చుట్టూ ప్రోటీన్లు, ఫాస్ఫోలిపిడ్లతో (నీటికీ నూనెకూ రెంటికీ అంటే కొవ్వు అణువులు) ఒక పలచటి పొర ఉంటుంది. మయొనైజ్‌లో గుడ్డు పచ్చసొన చేసేదీ ఇదే పని.

ఇక పిండి సంగతి. మెసేజ్ అన్నిటికంటే ఎక్కువ తప్పింది ఇక్కడే. గట్టి రేణువులు కూడా నూనె బొట్లను కాపాడగలవని 1903లో వాల్టర్ రామ్స్‌డెన్, 1907లో పికరింగ్ అనే శాస్త్రవేత్తలు రాశారు. ఒక ద్రవంలో ఇంకో ద్రవం ఇలా బొట్లుగా చెదిరి ఉంటే దాన్ని ఎమల్షన్ అంటారు. అందుకే వీటిని పికరింగ్ ఎమల్షన్లు అంటారు. రేణువు కొంత నీళ్ళలో, కొంత నూనెలో మునిగి సరిగ్గా హద్దు మీద కూర్చుంటుంది. అరిసెకు నువ్వులు అద్దినట్టు బొట్టు చుట్టూ రేణువులు పట్టేస్తాయి. రెండు బొట్లు ఢీకొన్నా ఆ పొర వాటిని ఒకటి కానివ్వదు. సబ్బు అణువులు హద్దు మీదికి వస్తూ పోతూ ఉంటాయి. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు రేణువు అలా కాదు. రెంటికీ సమానంగా తడిసేదైతే, దాన్ని అక్కణ్ణుంచి పీకడానికి కావలసిన శక్తి అణువుల మామూలు కదలికలో ఉండే శక్తికి కోటి రెట్లు దాటుతుంది.

అలాగని ఏ పిండి వేసినా నిలవదు. పచ్చి బియ్యప్పిండిలోని స్టార్చ్ నీళ్ళకే బాగా తడుస్తుంది, నూనెకు సరిగా అంటదు. అందుకే ఫ్యాక్టరీల్లో నూనెకు కూడా అంటేలా మార్చిన స్టార్చ్ వాడతారు. లేబుల్ మీద 1450 అని ఉండేది అదే. అది ఆహారంలో వాడే పదార్థం, బట్టలుతికే డిటర్జెంటు కాదు.

ఆవకు ఆ మార్పు అక్కర్లేదు. మెత్తగా నలిగిన పొట్టు రేణువులు బొట్లకు అంటుకుంటాయి. పొట్టులోని జిగురు నీటిని చిక్కబరుస్తుంది, ప్రోటీన్లూ సాయం చేస్తాయి. మూడూ కలిసి చేసే పని అది. మనం అరటిదూటకు ఆవ పెట్టినా, పక్కింటి ఒడియావాళ్ళు చేపలకు బెసర (ఆవముద్ద) నూరినా, ముద్ద మెత్తగా ఉంటేనే నూనె అందులో ఇమిడిపోతుంది. మన వంటింటి పనినే కల్తీ అంటుంటే బాధగా ఉంది.

నురగ పరీక్షతో ఏదీ తేలదు. కందిపప్పు ఉడికేటప్పుడు కూడా నురగ పొంగుతుంది, అందులో ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి. ఆవపిండిలోనూ ఉంటాయి.

పేగుల భయం గురించి. బియ్యంలో స్టార్చ్ రేణువులు ఇంచుమించు 2 నుంచి 8 మైక్రాన్లు ఉంటాయి. రోజూ అన్నంలో తిని అరిగించుకునేవే. ఆవపొట్టు పీచు, అది బయటికి పోతుంది. సిలికా లాంటి ఖనిజప్పొడి మాట వేరు. అది వాడితే లేబుల్ మీద 551 అని చూడొచ్చు, దాని గురించి అమ్మేవాళ్ళను తప్పకుండా అడగండి.

అనుమానం ఉంటే రెండు సీసాల్లో సమానంగా నీళ్ళు, నూనె పోయండి. ఒకదాంట్లో మాత్రం మెత్తగా జల్లించిన ఆవపిండి రెండు చెంచాలు వేసి, రెంటినీ బాగా గిలకొట్టి పక్కన పెట్టండి. ఆవ లేని సీసాలో నూనె కాసేపట్లోనే పైకి తేలిపోతుంది. రెండోదాంట్లో చాలాసేపు నిలుస్తుంది. కొంతసేపటికి పైన తెల్లటి మీగడలాంటి పొర కట్టినా కంగారుపడకండి. బొట్లు తేలికై పైకి చేరాయి గానీ విరిగిపోలేదు, మెల్లగా ఊపితే మళ్ళీ కలుస్తాయి. సీసాలు వెనక్కి పంపిన కొట్లవాళ్ళ ముందు ఈ ఆదివారం ఇదే చేసి చూపిస్తాను. ఆవపిండి వాళ్ళ కొట్లోదే తీసుకుంటాను.