టార్పాలిన్ ఉండగా గోడ దేనికి?

హైదరాబాద్‌లో నిర్మాణ శాస్త్రం ఎంత ఎదిగిందో చూడాలంటే కొండాపూర్, కోకాపేట వైపు ఏదో ఒక సెల్లార్ గుంతలోకి తొంగిచూడండి. 40 అడుగుల లోతున నిట్టనిలువుగా కోసిన మట్టి, దాని మీద వేలాడుతున్న నీలం టార్పాలిన్, అది ఎగిరిపోకుండా నాలుగు ఇసుక బస్తాలు. అంతే. మట్టికి దుప్పటి కప్పి పడుకోబెట్టారు.

ఆ టార్పాలిన్ అంటే నాకు మహా గౌరవం. లోతు పెరిగేకొద్దీ మట్టి తోపు పెరుగుతుంది. వెనక నీళ్లు కూడా నిలిస్తే 30 అడుగుల దగ్గర ఆ నీటి ఒత్తిడే చదరపు మీటరుకు 9 టన్నులు. అందుకే భయస్తులైన ఇంజనీర్లు తవ్వకముందే అంచు వెంబడి పైల్స్, అంటే కాంక్రీటు స్తంభాలు, భూమిలోకి దించుతారు, లేదా దిగేకొద్దీ మట్టిలోకి కడ్డీలు దిగేసి కాంక్రీటు కొడతారు. ఆ తర్వాత మట్టిని ఆపే ఆర్‌సీసీ గోడ, అదే రిటైనింగ్ వాల్, పోసి, వెనక నీళ్లు పోయే దారి పెడతారు. ఇంత ఖర్చు పెట్టినా బ్రోచర్‌లో వేసుకోవడానికి ఒక్క ఫొటో పనికిరాదు. క్లబ్‌హౌస్ అయితే ఎంచక్కా వేసుకోవచ్చు.

పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి అడిగినప్పుడు చూడాలి మేస్త్రి ధైర్యం.

"మా కాంపౌండ్ వాల్ బీటలిచ్చింది."

"ఏం కాదు సార్."

"పార్కింగ్‌లో నేల కుంగింది."

"ఏం కాదు సార్, సెట్ అవుతోంది."

మర్నాటికి ఒక మూల మట్టి జారింది. బిల్డర్ గారు విషయాన్ని చాలా సీరియస్‌గా తీసుకుని, రెండో టార్పాలిన్ వేయించారు. అది చాలదని దిష్టి గుమ్మడికాయ కూడా కట్టించారు. జారింది ఈశాన్యం మూల కాబట్టి కంగారు పడొద్దని, ఈశాన్యం పల్లమైతే కలిసొస్తుందని వాస్తు పండితుడు చెప్పి, సంభావన పుచ్చుకుని వెళ్లాడు. స్ట్రక్చరల్ ఇంజనీరు మాత్రం రాలేదు. ఆయన సంతకం ఫైల్లో భద్రంగా ఉంది, ఇక మనిషితో పనేముంది?

2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్‌లో పక్కన గుంత తవ్వితే అంతస్తుల భవనమే ఒరిగిపోయింది, కూల్చేయాల్సి వచ్చింది. జీహెచ్‌ఎంసీ ఏటా వానలకు ముందు సెల్లార్ తవ్వకాలు ఆపమంటుంది. ఎండ కాస్తే మట్టి చెప్పినట్టు వింటుందని కాబోలు! 2025 ఫిబ్రవరిలో, వానాకాలం కాని కాలంలో, ఎల్బీనగర్ సెల్లార్ తవ్వకంలో మట్టి కూలి ముగ్గురు కూలీలు పోయారు.

గోడ కట్టినచోట ఏమైందో కూడా చెప్పుకోవాలి. 2024 మే నెలలో బాచుపల్లిలో ఒక్క సాయంత్రం వానకే రిటైనింగ్ వాల్ కూలి కూలీల షెడ్ల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లలో నాలుగేళ్ల పసివాడు ఒకడు. టీవీల్లో "భారీ వర్షానికి" అన్నారు. వానకు కూలే గోడను గోడ అని ఎవడన్నాడు? మట్టినీ నీళ్లనూ ఆపడం తప్ప దానికి ఇంకో పనేముంది? దాని కిందే షెడ్లు వేసి పిల్లాజెల్లాతో పడుకోమన్నది వానా?

కొత్త రూల్ ఏదీ అక్కర్లేదు. కూలీల షెడ్లు తీసేసి, బిల్డర్ గారి ఏసీ సైట్ ఆఫీసు, మోడల్ ఫ్లాట్ ఆ గోడ కిందకు మార్చండి. వారం తిరక్కుండా గోడకు పడాల్సిన స్టీలంతా పడుతుంది.