నాగార్జునుడికి ఎన్ని మార్కులు?

పిల్లలు ఫోన్లు పట్టుకుని పాడైపోతున్నారు, వాళ్లకు తత్వశాస్త్రం నేర్పాలి అని ఈమధ్య పెద్దలు తెగ మథనపడుతున్నారు. మథనపడుతూనే ఆ మాట పోస్టు పెట్టి, లైకులు ఎన్నొచ్చాయో పది నిమిషాలకోసారి చూసుకుంటున్నారు. నేనూ ఆ బాపతే కాబట్టి, నా వంతు పథకం సమర్పించుకుంటున్నాను.

అసలు మన పిల్లలకు తత్వం రాదనడమే తప్పు. "నేనెవరిని?" అన్నది తేల్చుకోడానికి ఋషులు అడవుల్లో ఏళ్లకేళ్లు కూర్చున్నారు. మా పక్కింటి బుడ్డోడు రైలు టికెట్ బుక్ చేస్తూ "నేను రోబోను కాను" అన్న గడిలో టిక్కు కొట్టి అర సెకనులో తేల్చేశాడు. సైటుకు నమ్మకం కుదరకపోతే ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు నొక్కి మరీ రుజువు చేసుకుంటాడు.

ఇక ప్రశ్నించడం అంటారా, ఇంకా ముందున్నాం. కఠోపనిషత్తులో, ఉన్నదంతా దానమిచ్చే యాగం జరుగుతుంటే నచికేతుడు "నన్నెవరికిస్తావు?" అని మూడుసార్లు అడిగితే గానీ వాళ్ల నాన్న "యముడికిస్తా" అనలేదు. మనం అడగనే అడగనివ్వం, పదో తరగతి కాగానే రెసిడెన్షియల్ కాలేజీకి ఇచ్చేస్తాం. (యముడు నయం. తాను ఇంట్లో లేక పిల్లాడు మూడు రాత్రులు పస్తున్నాడని నొచ్చుకుని మూడు వరాలిచ్చాడు. హాస్టల్లో నెలకో ఔటింగ్ దొరికితే గొప్ప.) చావు సంగతి అడగొద్దు, ఏనుగులూ బంగారమూ ఇస్తానన్నాడు యముడు. మనం ర్యాంకు తెచ్చుకో, ఐఫోన్ కొనిస్తా అంటున్నాం. నచికేతుడు ఏనుగులు వద్దన్నాడు. ఐఫోన్ వద్దన్న కుర్రాణ్ణి నేనింకా చూడలేదు.

కాబట్టి పథకం ఏమిటంటే, తత్వశాస్త్రాన్ని ఆబ్జెక్టివ్ చేసి పారేయడమే. ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు మైనస్ ఒకటి, వదిలేస్తే సున్నా. ఇదేమీ పరాయి పద్ధతి కాదు. కృష్ణ ఒడ్డున ఒక కొండకూ ఒక ఆనకట్టకూ పేరిచ్చిన బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఎప్పుడో వాడిందే. చతుష్కోటి అంటారు, అంటే దేని గురించైనా చెప్పగలిగిన నాలుగు జవాబులు. ఎ) ఉంది. బి) లేదు. సి) ఉంది, లేదు కూడా. డి) ఉన్నదీ కాదు, లేనిదీ కాదు.

చిక్కల్లా ఒకటే, ఆయన నాలుగూ తప్పే అన్నాడు. అంటే ఏ గడీ నింపడు, పేపరు ఖాళీగా ఇచ్చి వస్తాడు. మార్కులు సున్నా. ఆయనది ఏదీ తనంతట తానుగా లేదనే శూన్యవాదం కనక రీవాల్యుయేషన్ కూడా అడగడు. వాళ్ల నాన్నగారు మాత్రం లాంగ్‌టర్మ్‌లో చేర్పించక మానరు.