వనాకాకు గంట చాలదు

న్యూజీలాండ్ దక్షిణ ద్వీపానికి మన సంఘం వేసే ప్రతి యాత్రలోనూ సరస్సు ఒడ్డున ఉన్న వనాకా ఊరికి దక్కేది గంట సమయం. బస్సు సరస్సు ఒడ్డున ఆగుతుంది. నీళ్లలో నిలబడిన ఒంటరి విల్లో చెట్టు ముందు అందరూ ఫోటోలు దిగుతారు. పిల్లల ఐస్‌క్రీములు పూర్తయ్యేలోగా మళ్లీ బస్సెక్కే వేళవుతుంది. ఈ పద్ధతి మారాలి. ఊరి అంచునే మౌంట్ ఐరన్ కొండ ఉంది. ఒక వైపు ఎక్కి మరో వైపు దిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే దారి 4.5 కిలోమీటర్లు, గంటన్నర నడక. యాత్రలో ఇంకేది తగ్గించుకున్నా సరే, దీనికి చోటివ్వాలి.

మన యువకులు రాయ్స్ పీక్ పేరు చెబుతారు. 1,578 మీటర్ల శిఖరం, రానుపోను 16 కిలోమీటర్లు. సత్తువ ఉన్నవారు తప్పక వెళ్లాలి. కానీ అమ్మమ్మ, మనవడు కలిసి చేరుకోగల శిఖరం కాదది. మౌంట్ ఐరన్ చుట్టుపక్కల నేల మీద నుంచి దాదాపు 240 మీటర్లే లేస్తుంది. అయినా పైనుంచి వనాకా సరస్సు, పక్కనున్న హావియా సరస్సు వైపు మైదానం, క్లూథా నది, పడమట మంచు కొండల వరుస అన్నీ కనిపిస్తాయి.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఈ దృశ్యం ఒక్కటే కాదు. ఈ ప్రాంతం ఎలా తయారైందో అక్కడ కాళ్లకే తెలుస్తుంది. ఒకప్పుడు పడమటి నుంచి వచ్చిన హిమానీనదం ఈ రాతిగుట్ట మీదుగా పాకింది. మంచు ఎక్కిన వైపు రాయి అరిగి నున్నని వాలుగా మారింది. దిగిన వైపు బండలు ఊడిపోయి కొండ కోసుకుపోయినట్టు నిలబడింది. 300 మీటర్లకు పైగా లోతున్న ఈ సరస్సు గుంటను తవ్వినదీ ఆ మంచే. న్యూజీలాండ్‌లో అన్నిటికన్నా ఎక్కువ నీటిని మోసే క్లూథా ఈ సరస్సు నుంచే బయలుదేరుతుంది. బడిలో హిమానీనదాల పాఠం చదివిన పిల్లవాడికి ఇక్కడ వివరించి చెప్పాల్సిన పని చాలా తక్కువ.

పెద్దవాళ్ల మోకాళ్ల సంగతేమిటని కార్యవర్గంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ పెద్దవాళ్లలోనే 14 కిలోమీటర్ల అరుణాచల గిరిప్రదక్షిణ చేసినవారు, అలిపిరి మెట్లెక్కి తిరుమల చేరినవారు ఉంటారు. వారి ఓపికను మనమే తక్కువ అంచనా వేస్తున్నాం. మోకాళ్లను ఎక్కువ బాధపెట్టేది దిగుడు. కాబట్టి నిటారైన తూర్పు వైపు నుంచి మెల్లగా ఎక్కి, పడమటి వైపు దిగడం మేలు. అదీ కష్టమనుకుంటే పడమటి దారినే ఎక్కి, అదే దారిన దిగవచ్చు. చుట్టు పూర్తి చేయాలన్న పట్టుదల ఎవరికీ అక్కర్లేదు.

ఇండియా నుంచి తల్లిదండ్రులు ఎక్కువగా వచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లో. అప్పుడు వనాకాలో వేసవి, రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దు గుంకదు. మధ్యాహ్నపు ఎండ చర్మాన్ని మాడ్చేస్తుంది, పైన నీడ తక్కువ. సాయంత్రం ఆరు తర్వాత బయలుదేరితే హాయిగా ఉంటుంది.

ఈ కొండను కప్పేసిన కానుకా అనే పొదలు ఇట్టే అంటుకుంటాయి. అందుకే ఏడాది పొడవునా ఇక్కడ నిప్పు రాజేయడం నిషేధం. అగ్గిపుల్ల, సిగరెట్ పైకి రాకూడదు. కొండలో చాలా భాగం ప్రైవేటు భూమిగా ఉండేది. 2023లో క్వీన్స్‌టౌన్ లేక్స్ జిల్లా కౌన్సిల్ దాన్ని ప్రజల కోసం కొన్నది. ఆ ప్రజల్లో మనమూ ఉన్నాం. కాబట్టి వేరుశనగ తొక్క కూడా వెనక్కి తెచ్చుకోవాలి, స్పీకరులో పాటలు పెట్టకూడదు, ఎదురొచ్చేవారికి దారిచ్చి పలకరించాలి.

వచ్చే వేసవి యాత్ర పట్టికలో వనాకా పక్కన మూడు గంటలు రాయమని కార్యవర్గానికి నా మనవి. కొండ ఎక్కలేనివారికి సరస్సు ఒడ్డున చదునైన నడకదారి ఉంది, ఒకరిద్దరు కార్యకర్తలు వారితో ఉండిపోతే సరిపోతుంది. ఎక్కేవారికి తలా ఒక నీళ్ల సీసా, టోపీ, జారని బూట్లు చాలు.