మోనే నాటిన ఐరిస్‌లట! ఆ పోస్టులో ఒక్కో ముక్కా విప్పి చూద్దాం

ఈ నెలలో ఆ పోస్టు నాకు రావడం మూడోసారి. ఈసారి పంపింది మా వదిన. ఆవిడ ఉండేది రాజమండ్రిలో, కడియం నర్సరీలు పక్కనే, మిద్దె మీద ఆవిడ పెంచని మొక్క లేదు. "తెప్పించుకోమంటావా?" అని కింద ఒక ముక్క రాసింది. వద్దని ఒక్క మాటలో చెప్తే వినే మనిషి కాదు కాబట్టి ఇదంతా రాస్తున్నా.

పోస్టు చూడనివాళ్లకి సంగతి ఇదీ. ఫ్రాన్స్‌లో జివెర్నీ అనే ఊళ్లో చిత్రకారుడు క్లాడ్ మోనే 1883లో తన చేత్తో నాటిన ఐరిస్ దుంపలే ఇప్పటికీ పూస్తున్నాయట. 1900లో ఆయన వేసిన తోట బొమ్మని చూసి ఆ రకం 'మదాం షెరో' అని నిపుణులు తేల్చేశారట. మడుల్లోనూ చెరువు గట్టునా ఉన్నదంతా ఆ ఒక్క రకమేనట. ఆ అసలు వంశం గింజలు ఇప్పుడు ప్యాకెట్లలో దొరుకుతున్నాయట. కింద గులాబీ రంగు పువ్వు ఫొటో, దాని కింద ఆర్డర్ లింకు.

ఐరిస్ ఎప్పుడూ చూడకపోతే ఇలా ఊహించుకోండి: పసుపు కొమ్ము లాంటి దుంప, కత్తుల్లాంటి ఆకులు, మూడు రేకులు పైకి లేచి మూడు కిందికి వాలే పువ్వు. వాలిన రేకు మధ్యలో గొంగళిపురుగు పడుకున్నట్టు నూగు చార ఉంటే అది గడ్డం ఐరిస్. ఈ గడ్డం గుర్తుంచుకోండి, పని పడుతుంది.

ముందు ఆ ఫొటో సంగతి చూద్దాం, ఎందుకంటే పోస్టు అక్కడే దొరికిపోయింది. అందులో ఉన్నది లేత గులాబీ పువ్వు, అంచులు లేసు కుట్టినట్టు ముడతలు ముడతలుగా ఉన్నాయి, గడ్డం మాత్రం కమలాపండు రంగు. గులాబీ రేకు, నారింజ గడ్డం ఉన్న ఈ వరస ఐరిస్‌లు జనం చేతికి వచ్చింది 1940ల్లో, అమెరికాలో డేవిడ్ హాల్ లాంటి బ్రీడర్ల పుణ్యమా అని. లేసు అంచులు కూడా దాదాపు ఆ రోజుల నుంచే. మోనే పోయింది 1926 డిసెంబర్ 5న. అంటే ఆయన పోయాక పుట్టిన పువ్వుని ఆయన చేత నాటించారు. మోనే కాలపు ఐరిస్‌లు చూడ్డానికి ఇంత ఆర్భాటంగా ఉండవు. రేకులు సన్నగా, నున్నగా ఉంటాయి, వాలిన రేకులు కుక్క చెవుల్లా నిటారుగా కిందికి వేలాడతాయి. ఇప్పటి నర్సరీవాళ్లు వాటిని పూల పోటీల బల్ల దగ్గరికి కూడా రానివ్వరేమో, నాకు మాత్రం అవే ఇష్టం.

ఇక 1883. ఆ ఏడాది మోనే జివెర్నీలో అద్దెకి దిగాడు, అంతవరకు కరెక్టే. ఇల్లు కొన్నది 1890లో. చెరువు తవ్వించిన స్థలం కొన్నది 1893లో. అలాంటప్పుడు చెరువు గట్టున ఉన్న మొక్క 1883 నాటిది ఎలా అవుతుంది? పోస్టు రాసిన ఆయన ఈ లెక్క కూడా చూసుకోలేదు.

అంతకన్నా పెద్ద కథ మోనే పోయిన తర్వాతిది. ఆయన కోడలు బ్లాంష్ ఉన్నంతకాలం తోట బాగోగులు చూసుకుంది. 1947లో ఆవిడ పోయాక పట్టించుకునే దిక్కు లేదు. మోనే కొడుకు మిషెల్ అక్కడ ఉండేవాడు కాదు, 1966లో కారు ప్రమాదంలో చనిపోతూ ఆస్తి మొత్తం ఫ్రాన్స్ లలితకళల అకాడమీకి రాసిపోయాడు. 1977లో జెరాల్డ్ వాన్ డెర్ కెంప్ అనే క్యురేటర్ బాధ్యత తీసుకునేసరికి ఇంటి దూలాలు పుచ్చిపోయి ఉన్నాయి, ఒక మెట్లవరస కూలిపోయింది, మోనే పెద్ద స్టూడియోలో ఏకంగా మూడు చెట్లు మొలిచాయి. చెరువు మళ్లీ తవ్వాల్సి వచ్చింది. పూలమడుల్లో పేరుకున్న మట్టి తీసి పాత నేలమట్టం ఎక్కడో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాతే తోటమాలి జిల్బేర్ వాయే వాళ్లు మోనే కాలంలో ఉన్నలాంటి పూలజాతులని మళ్లీ నాటారు, 1980లో జనానికి తలుపులు తెరిచారు. చూడండి, "ఉన్నలాంటి జాతులు" వేరు, "ఆ దుంపలే" వేరు. మన ఊరి పాత గుడిని అదే కొలతలతో మళ్లీ కడితే దణ్ణం పెట్టుకుంటాం, అంతమాత్రాన రాళ్లు కూడా పాతవే అనం కదా.

ఒక మూలో ఒక పాత గుబురు ఆ ముప్పై ఏళ్లూ బతికే ఉండొచ్చుగా అంటారా? ఉండొచ్చు, ఐరిస్ మొండిది. కానీ గడ్డం ఐరిస్‌ని మూడు నాలుగేళ్లకోసారి తవ్వి విడదీయాలి, దుంప వీపుకి ఎండ తగలాలి, లేకపోతే ఒకదాన్నొకటి తొక్కుకుని పూయడం తగ్గించేస్తాయి. ఒక గుబురు బతికి ఉండే అవకాశం ఉందనడానికీ, తోటంతా అదేననడానికీ మధ్య చాలా దూరం ఉంది.

బొమ్మ చూసి రకం తేల్చారన్న మాట దగ్గర నాకు నిజంగా ఒళ్లు మండింది. ఆ బొమ్మ పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది, ఇంటి ముందు చెట్ల నీడలో వరసలు వరసలుగా ఐరిస్‌లు, అన్నీ ఊదా, లేత ఊదా, గులాబీ ఛాయలు. 'మదాం షెరో' ఎలా ఉంటుంది? 1844లో లెమాన్ అనే ఫ్రెంచ్ పెంపకందారు ఇచ్చిన రకం అది, తెల్లటి పువ్వు, అంచున నీలి దారంతో కుట్టుపని చేసినట్టు సన్నటి గీతలు. దూరం నుంచి చూస్తే తెల్లగానే కనిపించాలి. బొమ్మలో ఉన్నది ఊదా సముద్రం! తేదీ ప్రకారం మోనే దాన్ని పెంచి ఉండొచ్చు, అలా చూస్తే 1900కి ముందు వచ్చిన వందల రకాల్లో దేన్నయినా పెంచి ఉండొచ్చు.

అసలు ఒక ఐరిస్ రకాన్ని గుర్తుపట్టాలంటే ఏం చూస్తారో చెప్తా. గడ్డం రంగు కొసన ఎలా ఉంది, లోపల గొంతులో ఎలా ఉంది. రేకు మొదట్లో ఈనెలు ఏ రంగులో ఉన్నాయి. కాడకి కొమ్మలెన్ని, ఎత్తెంత, ఏ వారంలో పూసింది, వాసనేమిటి. మొగ్గని చుట్టుకున్న తొడుగు పచ్చగా ఉందా, ఎండిన పొరలా ఉందా. కుంచె దెబ్బల్లో ఇందులో ఒక్కటి కూడా కనపడదు, మోనేకి అది అవసరమూ లేదు, ఆయన వేసింది వెలుతురుని. పైగా ఆయన పెద్ద పెద్ద ఐరిస్ బొమ్మలు చాలావరకు 1914-17 మధ్యవి, అప్పటికే కళ్లలో శుక్లాలు. డాక్టర్లు చెప్పింది 1912లో, ఆపరేషన్ చేయించుకున్నది 1923లో. ఆ పసుపూ ఊదా నమ్ముకుని కేటలాగులో పేరు వెతుక్కుంటే ఇంకేమైనా ఉందా?

అన్నీ ఒకే రకం అన్నదానికి రెండు ముక్కలు చాలు. చెరువు గట్టున తడికాళ్లతో నిలబడే పసుపు ఐరిస్, జపాన్ ఐరిస్ వేరే జాతులు, వాటికి గడ్డమే ఉండదు. గడ్డం ఐరిస్‌ని తీసుకెళ్లి అక్కడ పెడితే వారాల్లో దుంప కుళ్లిపోతుంది.

"మోనే చెరువులో కలువల్ని గుర్తుపట్టారుగా, మరి ఐరిస్‌లని ఎందుకు పట్టలేరు?" అని కామెంట్లలో ఒకాయన అడిగారు, మంచి ప్రశ్న. కలువలు మోనే లతూర్-మర్లియాక్ నర్సరీ నుంచి 1894 నుంచి తెప్పించుకున్నాడు, ఆ ఆర్డర్ల కాగితాలు ఉన్నాయి. పేరు చెప్పాలంటే అలాంటి కాగితమైనా ఉండాలి, చేతులు మారినా తెగని మొక్కల వంశమైనా ఉండాలి. పోస్టులో రెండూ లేవు. నిజంగా ఇలాంటి పని ఎలా జరుగుతుందో చూడాలంటే మోనేని వదిలేసి ఇంగ్లండ్‌లో సెడ్రిక్ మోరిస్ దగ్గరికి వెళ్లాలి. ఆయనా చిత్రకారుడే, సఫక్‌లో బెంటన్ ఎండ్ అనే ఇంట్లో ఏటా వెయ్యి దాకా ఐరిస్ మొలకలు పెంచి, నచ్చినవాటికి 'బెంటన్' చేర్చి పేర్లు పెట్టేవాడు, 'బెంటన్ మెనేస్' అయితే పిల్లి పేరు. దాదాపు 90 రకాలకు పేర్లు పెట్టాడు. 1982లో ఆయన పోయాక అవి చెల్లాచెదురయ్యాయి. సిస్సింగ్‌హర్స్ట్ తోటకి హెడ్ గార్డెనర్‌గా చేసిన సారా కుక్ ఏళ్ల తరబడి వెతికి, పాత వర్ణనలతో పోల్చుకుంటూ కొన్ని డజన్లు పోగుచేసింది, 2015లో లండన్‌లో చెల్సీ పూల ప్రదర్శనలో జనం వాటిని చూశారు. అక్కడ రిజిస్టర్లున్నాయి, ఆయన్ని ఎరిగిన మనుషులున్నారు, అయినా అన్నీ దొరకలేదు. ఆయన అడిగినవాళ్లకల్లా మొక్కలు పంచేసే మనిషి మరి!

చివరికి గింజలు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, అంటు కట్టాల్సిందే. ఐరిస్ కూడా అంతే, పేరున్న రకం కావాలంటే దుంప విరిచి ఇవ్వాలి, గింజ వేస్తే వచ్చేది వేరే బిడ్డ. నేనూ ఒకసారి ఆన్‌లైన్‌లో నీలి ఐరిస్ గింజలని కొన్నాను. వచ్చినవి ఆవాల కంటే చిన్నగా ఉన్నాయి, వేస్తే ఏదో గడ్డి మొలిచింది. అసలు గింజ మిరియం కంటే కాస్త పెద్దది, గోధుమరంగులో ముడతలు పడి ఉంటుంది. పైగా చలి తగిలితే గానీ మొలవదు, మొలిచాక పువ్వుకి రెండు మూడేళ్లు. గడ్డం ఐరిస్ దుంపకీ పూతకి చలికాలం కావాలి, రాజమండ్రి మిద్దె మీద ఆ చలి ఎక్కడ?

మా వర్జీనియా పెరట్లో ఇంటితో పాటు వచ్చిన ఊదా గుబురు ఒకటుంది. మూడు వసంతాలుగా దాని పేరు కోసం తిరుగుతున్నా. మొగ్గ తొడుగు ఉల్లిపొరలా వెండిరంగులో ఉండి, ద్రాక్షపళ్ల వాసన వస్తే ఐరిస్‌లలో పాలిడా అనే జాతి అనుకునేవాణ్ణి. కానీ దీని తొడుగు సగం పచ్చగా, అంచున ఊదా మరకతో ఉంది, కాబట్టి అది కాదు. అంతవరకే చెప్పగలను. ఇక్కడివాళ్లు పేరు తేలని మొక్కని 'నోయిడ్' అంటారు, నా చీటీ మీద కూడా అదే ఉంది, కింద పూసిన తేదీ.

వదినకి ఇదంతా ఫోన్లో చెప్పాను. "అయితే ఆ డబ్బుతో కడియంలో రెండు లిల్లీ కుండీలు వస్తాయిలే" అంది.