మా బావగారి సొంత పని

ఒంగోలులో సొంత ఇల్లున్న మనిషి తనకు గ్రానైట్ గురించి తెలియదని ఒప్పుకోవడం నేనింతవరకు చూడలేదు. పక్కనే చీమకుర్తి ఉంది. అక్కడ తవ్వితీసే నల్లరాయి, ఒంటినిండా బంగారు చుక్కలతో, గెలాక్సీ అనే పేరు పెట్టుకుని ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది. ఆ చుక్కలు బంగారం కావనీ, బ్రాంజైట్ అనే ఖనిజపు తునకలనీ, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీ చల్లారేలోపు చెప్పడం మా బావగారి అలవాటు. చెప్పే హక్కు ఆయనకు కొంత ఉన్న మాట నిజమే. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఒక క్వారీలో దిమ్మెల పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి, ఘనపు మీటర్లు లెక్కగట్టి, రిజిస్టరులో ఎక్కించేవారు. రాయిని ఆయన ముట్టుకున్నది టేపుతోనే తప్ప పనిముట్టుతో కాదన్న సంగతిని మా ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వంటింటి కుళాయి కారడం మొదలయ్యేదాకా పట్టించుకోవలసిన అవసరమూ రాలేదు.

మంగమూరు డొంక దగ్గర ఉన్న ఆ ఇంట్లో పై వాటాలో మా అక్కావాళ్లు ఉంటారు, కింద వాటాలో హైస్కూలు మాస్టారొకరు అద్దెకుంటారు. తాగడానికి సాగర్ కాలువ నీళ్లు, వాడుకకు బోరు నీళ్లు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి కుళాయిల మూతి దగ్గర తెల్లటి పెచ్చు కడుతుంది. అదే పెచ్చు కుళాయి లోపల వాషరు ఆనే చోట కూడా పేరుకుంటే, రబ్బరు వాషరు కోసుకుపోయి, ఎంత బిగించినా బొట్టుబొట్టుగా కారుతూనే ఉంటుంది. దీనికి మందు వాషరు మార్చడం. వాషరు ఖరీదు అయిదు రూపాయలు, మార్చే ప్లంబరు అడిగేది అయిదు వందలు.

“మిగిలిన నాలుగు వందల తొంభై అయిదు దేనికి?” అన్నారు బావగారు, రిజిస్టరులో తేడా కనిపించిన గుమాస్తా గొంతుతో.

“మీరు మారిస్తే ఎంతవుతుందో ముందు అది చెప్పండి,” అంది అక్క, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

ఆ లెక్క బావగారు చెప్పలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు నాన్నకు కాలక్షేపం అవుతుందని కొని పంపిన డ్రిల్లింగ్ మిషను ఒకటి, ఎర్ర పెట్టెలో, దేవుడి గదిలో కుంకుమ బొట్టుతో సిద్ధంగా ఉంది. దసరా ఆయుధపూజ నాడు పెట్టిన బొట్టు అది. పూజ జరిగింది గానీ పని జరగలేదన్న వెలితి ఆయనను చాలాకాలంగా బాధిస్తోంది. అయితే వాషరు మార్చడానికి డ్రిల్లింగ్ మిషను అక్కర్లేదు. అందువల్ల, మిషనుకు పని కల్పించడం కోసం, గోడ కుళాయిని తీసేసి, హంస మెడలా వంగిన కొత్త రకం కుళాయిని సింకు పక్కన గట్టు మీదే నిలబెట్టాలని ఆయన తీర్మానించారు. ఆ గట్టు గెలాక్సీ రాయి. కుళాయి దిగాలంటే దానికి ముప్పై అయిదు మిల్లీమీటర్ల కన్నం వెయ్యాలి.

కర్నూలు రోడ్డులోని హార్డ్‌వేర్ కొట్టతను ఉన్నమాట చెప్పాడు. ఈ రాయికి డైమండ్ కోర్ బిట్, అంటే అంచున వజ్రపు తునకలు పొదిగిన గుండ్రటి బిట్, కావాలి, నీళ్లు పోస్తూ నిదానంగా దింపాలి, లేకపోతే గ్రానైట్ పనివాణ్ణి పిలిస్తే కాసేపట్లో వేసిపోతాడు, అన్నాడు. “వజ్రాలు పెట్టి కన్నం వేయించుకునేంత జమీందార్లం కాదులే,” అని బావగారు ఇటుక గోడలకు వాడే మామూలు బిట్లు ఒక అట్ట, ఎనిమిది వందల యాభైకి హంస మెడ కుళాయి, మరలకు చుట్టే టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు తీసుకుని వచ్చేశారు. ఆయన ధైర్యానికి ఆధారం క్వారీ. ఇప్పుడంటే వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కు తీగతో నీళ్లు పోస్తూ దిమ్మెలు కోస్తున్నారు గానీ, వరసగా చిన్న చిన్న రంధ్రాలు వేసి, వాటిలో చీలలు దిగ్గొట్టి కొండను చీల్చడం ఆయన కళ్లారా చూసిన పద్ధతి. కొండకు పనికొచ్చింది వంటగట్టుకు పనికిరాదా అని ఆయన వాదన. చిన్న సీసా మూత బోర్లించి, సుద్దముక్కతో చుట్టూ గీత గీసి, ఆ గీత వెంబడి పన్నెండు చుక్కలు పెట్టారు. పన్నెండు కన్నాలు వేస్తే మధ్య ముక్క దానంతట అదే ఊడిపడాలి.

ఇక్కడ సొంత పని అన్నదాన్ని గురించి నేను గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. ప్లంబరు వస్తే ఒక్కడే వస్తాడు, భుజానికి ఒక సంచీ ఉంటుంది, అడిగేది ఒక పాత గుడ్డ, వెళ్లేముందు ఒక కప్పు టీ. గృహస్థు స్వయంగా పనికి దిగితే మాత్రం ఇంటిల్లిపాదీ సెలవు పెట్టాలి. అక్క వంటింట్లోని డబ్బాలూ సీసాలూ సమస్తం హాల్లోకి చేరవేసింది. ఆవకాయ జాడీ సోఫాలో కూర్చుంది. పట్టపగలు వంటింట్లో టార్చిలైటు పట్టుకునే బాధ్యత నాకు అప్పగించబడింది. మా మేనకోడలు ఫోనులో ఒక వీడియోను తండ్రి కళ్లకెదురుగా పట్టుకుని, ఆయన “ఆపు” అన్నప్పుడు ఆపి, “వెనక్కి” అన్నప్పుడు వెనక్కి జరపాలి. కింద వాటా మాస్టారి అబ్బాయి, పరీక్షలకు చదువుకుంటున్నవాడు, కొట్టుకు పంపడానికి వీలుగా గుమ్మంలో సైకిలుతో నిలబడి ఉండాలి. ఇంతమంది చేతులు కట్టేసి చేసేదాన్ని సొంత పని అని ఎందుకు అంటారో నాకు ఇప్పటికీ బోధపడదు.

మిషను మొదలైంది. మెరుగు పెట్టిన రాయి మీద బిట్టు కాలు నిలపలేక, సుద్ద గీత దాటి, పొయ్యి దాకా జారి, వెళ్లిన దారిలో చక్కటి నెలవంక గీత ఒకటి గీసింది. బావగారు బిట్టును క్షణం నిలవనివ్వకుండా వెనక్కి లాక్కొచ్చి, తన బరువంతా మిషను మీద వేసి, సుత్తి బొమ్మ ఉన్న వైపు మీట తిప్పారు. ఆ చప్పుడుకు గూట్లో మిగిలిపోయిన గరిటెలు వాటంతట అవే వాయించుకోసాగాయి. కాలిన ఇనుము వాసన వచ్చింది. బిట్టు చుట్టూ తెల్లటి మెత్తని పొడి కుప్ప పడింది.

“నల్లరాయికి తెల్లపొడి వస్తుందేంది నాన్నా?” అంది మా మేనకోడలు.

మిషను ఆపి, చెమట తుడుచుకుని, పొడి చేస్తే రాళ్ల రంగు ఎందుకు తేలిపోతుందో బావగారు సావకాశంగా వివరించారు. నా అనుమానం, ఆ ప్రశ్న ఇంకెవరైనా ముందే అడిగి ఉంటే ఆయన ముందే ఆగేవారు. పొడి ఊది చూస్తే, పన్నెండు చుక్కల్లో మొదటిదాని మీద గోరంత లోతున ఒక గుంట కనిపించింది. బిట్టు మొన అరిగి గుండ్రబడింది. మొనకు కాస్త ఎగువన ఉక్కు నీలం తిరిగింది. కొట్టతను నీళ్లు పోయమన్న మాట అప్పుడు గుర్తొచ్చి, చెంబుతో ధార పోయమని ఆయన అక్కను పిలిచారు.

“నడిచే కరెంటు మిషను మీద నన్ను నీళ్లు పొయ్యమంటారా? మీకు మతి ఉండే మాట్లాడుతున్నారా?” అని అక్క చెంబు తీసుకుని హాల్లోకి వెళ్లిపోయింది. ఆ పూట ఆ ఇంట్లో వినబడిన సాంకేతిక సలహాల్లో అత్యుత్తమమైనది అదే.

బావగారు రాయిని అరచేత్తో నిమిరి, “చూశావుటోయ్, అసలు సిసలు రకం. నాసిరకం రాయి అయితే ఈపాటికి దిగి ఉండేది,” అన్నారు. ఓటమిలో కూడా సరుకు నాణ్యతను మెచ్చుకోగలిగిన ఆ వృత్తిధర్మానికి నేను మనసులోనే నమస్కరించాను.

దాంతో కొత్త కుళాయి అట్టపెట్టెలోకి వెళ్లింది, పాత కుళాయికి వాషరు మార్చే ప్రణాళిక మళ్లీ ముందుకొచ్చింది. వీడియోలోని యువకుడు సింకు కిందికి వంగి, అక్కడున్న చిన్న యాంగిల్ కాక్‌ను రెండు వేళ్లతో తిప్పి నీళ్లు కట్టేశాడు. మా అక్క ఇంట్లో సింకు కింద చీపురు, ఉల్లిపాయల బుట్ట మాత్రమే ఉన్నాయి. నీళ్లు కట్టాలంటే డాబా ఎక్కి ట్యాంకు దగ్గరున్న గేట్‌వాల్వులు తిప్పాలి. అక్కడ మూడు ఉన్నాయి. ఏది ఎవరిదో రాసిపెట్టుకున్న రంగు ఎప్పుడో వెలిసిపోయింది. కొలతల్లో అనుమానం వస్తే మూడు వైపులా కొలవడం అలవాటైన మనిషి కనుక బావగారు మూడూ కట్టేశారు. వాటిలో రెండు నిజంగా మూసుకున్నాయి. మూడోదానిలో సున్నం పట్టి లోపలి పలక కదలడం మానేసి చాలాకాలమైంది; పైనున్న చక్రం మాత్రం ఎంతో విధేయంగా తిరిగింది. వంటింటిది ఆ మూడోదే. ముందు ఆ కుళాయే తిప్పి నీళ్లు నిజంగా ఆగాయో లేదో చూడడం అనే చిన్న పని వీడియోలో లేదు.

కిందికి వచ్చి, పైపు పానా కుళాయికి బిగించి, ఊపిరి బిగబట్టి తిప్పారు. ముందు కదల్లేదు. రెండోసారి కిర్రుమంది. “వస్తోంది, వస్తోంది!” అన్నారు బావగారు సంతోషంగా. వచ్చింది కూడా. కుళాయిని పట్టి ఉంచే నిప్పుల్ అనే చిన్న ఇనుప గొట్టం తుప్పుతో డొల్లయిపోయి, ముందు సగం కుళాయితో పాటు ఆయన చేతికొచ్చింది, వెనక సగం గోడలోనే ఉండిపోయింది. ఆ గోడలోంచి, తలమీదున్న వెయ్యి లీటర్ల ట్యాంకు తన దగ్గరున్నదంతా ఇచ్చుకోవడం మొదలుపెట్టింది.

ధార మొదట బావగారి కళ్లజోడును, తరువాత వీడియోలోని యువకుణ్ణి, ఆ పైన ఎదుటి గోడకున్న క్యాలెండరును తడిపింది. బావగారు తక్షణం బొటనవేలు ఆ కన్నంలో పెట్టారు. అది మంచి ఆలోచనే గానీ, దాని తరువాత మనిషి అక్కడినుంచి కదలడానికి వీల్లేదు. వేలు గోడలో ఉండగానే ఆయన అందరికీ ఉత్తర్వులు జారీ చేశారు: నన్ను డాబా ఎక్కి వాల్వు చూడమన్నారు, మేనకోడల్ని వీడియో వెనక్కి తిప్పి నీళ్లు కారితే ఏం చెయ్యాలన్నాడో చూడమన్నారు, సైకిలు కుర్రవాణ్ణి అర అంగుళం నిప్పుల్ తెమ్మన్నారు. కుర్రవాడు ఒక అంగుళంది తెచ్చాడు. మళ్లీ వెళ్లి ముప్పావు అంగుళంది తెచ్చాడు. అతని తప్పేమీ లేదు. ఆయన ఒక్కోసారి వేలి పక్కనుంచి చిమ్మిన నీళ్లు మింగుతూ చెప్పారు.

అంతలో మెట్ల మీద తడి అడుగుల చప్పుడు వినబడి, కింద వాటా మాస్టారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. నడుముకు తువ్వాలు, నెత్తినిండా షాంపూ నురగ, ఒక కన్ను మూసి ఉంది. ఎంతైనా పాఠాలు చెప్పే మనిషి, గొంతు పెంచలేదు.

“అన్నయ్యగారూ, కుళాయిలో రావాల్సిన నీళ్లు మెట్ల మీద నుంచి వస్తున్నాయేందండీ?”

“కొంచెం రిపేరు జరుగుతోంది మాస్టారూ,” అన్నారు బావగారు, వేలు తియ్యకుండా, ఇంటి యజమానికి తగిన గాంభీర్యంతో.

మాస్టారు తెరిచి ఉన్న కంటితో పరిస్థితిని పరిశీలించి, అక్కడికక్కడే వంగి, వంటింటి నేల మీద పారుతున్న నీళ్లు చెంబుతో ఎత్తి తల కడుక్కుని, “థాంక్సండీ,” అని దిగిపోయారు.

అప్పుడు అక్క హాల్లోకి వెళ్లి, జాడీల వెనకనుంచి అప్పడాల కర్ర తీసుకొచ్చింది. దాని సన్నటి కొసకు పాత పంచె పీలిక చుట్టి, “వేలు తియ్యండి,” అని, తీసీ తీయగానే కర్రను కన్నంలో గుచ్చి, రోకలితో రెండు దెబ్బలు వేసింది. ధార ఆగింది. గోడలోంచి అప్పడాల కర్ర పొడుచుకుని ఉండగా వంటింట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం ఆవరించింది.

“ఇది తాత్కాలికమే,” అన్నారు బావగారు, ముడతలు పడిన బొటనవేలు చూసుకుంటూ.

“తెలుసు. మీరు మిషను పెట్టె తెరిచినప్పుడే ప్లంబరుకు ఫోను చేశాను. సంతపేటలో పని ముగించుకుని వస్తానన్నాడు,” అంది అక్క.

అన్నట్టుగానే వచ్చాడు. ముందు డాబా ఎక్కి, ట్యాంకు లోపలికి చెయ్యి పెట్టి బయటికి పోయే దారికి గుడ్డ కుక్కి, నీళ్లు అక్కడే ఆపేశాడు. కర్ర లాగేసి, సంచీలోంచి పాత ఆకురాయి ఒకటి తీసి, దాని పిడి ఊడదీసి, కోసుగా ఉన్న తోకను గోడలోని విరిగిన నిప్పుల్‌లోకి సుత్తితో తట్టి బిగించి, ఆకురాయిని పానాతో పట్టుకుని ఎడమవైపుకు తిప్పాడు. తుప్పు ముక్క చడీచప్పుడు లేకుండా బయటికి వచ్చేసింది. ఇత్తడి నిప్పుల్ వేశాడు, టేపును మరలు బిగిసే దిక్కునే చుట్టాడు. బావగారు అంతకుముందు చుట్టి ఉంచినది ఎదురు దిక్కున ఉండటం చూసి, ఏమీ అనకుండా విప్పేశాడు. చచ్చిన వాల్వు స్థానంలో కొత్తది వేశాడు. కుళాయిలో సున్నం గీకి, వాషరు మార్చి, గోడకు బిగించాడు. ఇదంతా జరుగుతున్నంతసేపు బావగారు పక్కనే నిలబడి సూచనలు ఇస్తూ వచ్చారు. ప్లంబరు ఓపిగ్గా విని, చివరికి నా చేతిలోని టార్చిలైటు తీసి ఆయన చేతికిచ్చి, “కాస్త ఇటు వెలుగు పట్టండి సార్,” అన్నాడు. ఆ తరువాత సూచనలు తగ్గాయి.

పని అయిపోయి గట్టు తుడుస్తుండగా అతని గుడ్డ సుద్ద గీత దగ్గర ఆగింది. వేలితో గుంటను తడిమాడు, నెలవంక వెంబడి పొయ్యి దాకా చూపు సారించాడు.

“ఇదేంది సార్, రాయినెవరో ఇట్టా పొడిచారు?”

“ముందొచ్చిన ప్లంబరు నిర్వాకం,” అన్నారు బావగారు, క్యాలెండరు ఆరబెట్టడంలో మునిగిపోయి.

“ముందెవరు సార్? ఈ ఇంటికి శంకుస్థాపన చేసిన కాడ్నుంచి పైపుల పని నాదే గదా.”

అక్క చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, టీ పెట్టే నెపంతో అటు తిరిగింది. బావగారు క్యాలెండరును గోడకు తగిలించి, కొద్దిగా సరిచేసి, ఎంతయిందో చెప్పమన్నారు. వాల్వూ నిప్పులూ కాక పనికి అయిదు వందలన్నాడు. బావగారు మారుమాట లేకుండా పనికని ఆరు వందలు అతని చేతిలో పెట్టారు.