‘పొగాకు అలవాటు ఉందా?’ అనే గడి గారికి

అయ్యా,

దంతవైద్యుడి కేస్ షీటులో అలెర్జీలకూ సంతకానికీ మధ్య ఇరుక్కుని కూర్చున్న తమకు నమస్కారం. నిన్న మధ్యాహ్నం మళ్లీ తమ దర్శనభాగ్యం కలిగింది. ‘ఉంది’ దగ్గర టిక్కు పెట్టాను. ‘రోజుకు ఎన్ని?’ అన్నారు. ఇంట్లో చెప్పే లెక్క కాకుండా అసలు లెక్కే రాశాను. తమరు దాన్ని ఏం చేసుకున్నారో కాస్త సెలవిస్తారా?

డాక్టరుగారు నా నోట్లో అద్దమూ గొట్టమూ రెండు వేళ్లూ పెట్టాక, ‘ఇంకా తాగుతున్నారా?’ అన్నారు. ‘ఆ’ అన్నాను. ఆ స్థితిలో ఎవరైనా ‘ఆ’ అనే అంటారు. ‘మానేయాలి మరి’ అన్నారు. అంతటితో వైద్యం పూర్తయింది. గార గీకారు, పుక్కిలించమన్నారు, బిల్లు ఇచ్చారు. గోడమీద కుళ్లిన దవడ బొమ్మ మాత్రం నన్ను గుమ్మందాకా సాగనంపింది.

తమ పొరుగు గడి ‘చిగుళ్ల నుంచి రక్తం వస్తుందా?’ అని అడిగితే ‘లేదు’ అన్నాను. సహాయకురాలు మెచ్చుకుంది కూడా! పొగ తాగేవాళ్లకు రక్తనాళాలు ముడుచుకుపోయి, చిగుళ్ల జబ్బు ఉన్నా రక్తం పెద్దగా కనిపించదు. తమరిద్దరూ ఒకే కాగితం మీద ఉంటూ ఒక్కసారైనా మాట్లాడుకోరా?

మానేయాలని నాకు తెలియదా? సిగరెట్ పెట్టే చెబుతోంది. ఎలా మానాలో చెప్పేవాళ్లే లేరు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగిస్తున్నానా అని అడిగితే వ్యసనం ఎంత ముదిరిందో తెలుస్తుంది. సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములదా, 4 మిల్లీగ్రాములదా అన్నదీ దాన్నిబట్టి తేలుతుంది. దాన్ని ఊరికే నమిలేయకూడదు, నోరు చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కిపెట్టాలి. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు. ఇవన్నీ ఎవరు చెప్పాలి? బుగ్గా చిగురూ ఎవరి ఇలాకా? కంటి డాక్టరుదా?

తీరిక లేదంటావా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ సలహాకు అర నిమిషం నుంచి మూడు నిమిషాలు చాలు. పన్ను పీకే ముందు మత్తు ఎక్కి పెదవి మొద్దుబారేదాకా మేమూ డాక్టరూ ఒకరి మొహం ఒకరం చూసుకునేది అంతకంటే ఎక్కువసేపే! ఆ కాస్త మాట కూడా చెప్పించలేనప్పుడు నన్నెందుకు అడిగావు? నా పరువు తీసి ఫైల్లో దాచుకోవడానికా?

ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు, వస్తాను. ఈలోగా నీ కింద ఒక్క గీత చేర్చించు: ‘ఏ తేదీ నుంచి మానదలచుకున్నారు?’ తిట్టుకుంటూనే రాస్తాను. అపాయింట్‌మెంటు గుర్తుచేయడానికి విసుగూ విరామమూ లేకుండా ఫోను చేసే అమ్మాయి ఉంది కదా, ఆ తేదీ దాటిన వారంలోనే ఒకసారి చేయమను. గడ్డుకాలం అప్పుడే.

ఇట్లు,
నిజం రాసిన పేషెంటు